తాళం పడిన క్లారినెట్

నేను పాటలు పాడలేదు, రాయలేదు, రికార్డు చేయలేదు. పాట మోగకపోతే జనం వచ్చి ఎవరిని తిడతారో ఆ కుర్చీలో ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. అబిడ్స్‌లో ఒక మ్యూజిక్ కంపెనీ, మూడో అంతస్తు, మెట్లెక్కగానే ఎదురుగా కనిపించే బల్ల నాది. చెప్పులు విప్పాలా వద్దా అని గుమ్మం దగ్గర తటపటాయించే వాళ్లను "రండి, కూర్చోండి" అనడంతో నా పని మొదలయ్యేది.

మొన్న ఒక పాటల యాప్ వాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఒకమ్మాయి లేచి, "మేడం, డబ్బు కట్టి తీసుకున్న పాట మాయమైందని కస్టమర్ అరిస్తే ఏం చెప్పాలి?" అని అడిగింది. ఏదో ఓర్పు గురించి, మర్యాద గురించి చెప్పి కూర్చున్నాను. మెట్రోలో ఇంటికి వస్తుంటే సిగ్గేసింది. ఆ పిల్లకు చెప్పాల్సింది అది కాదు. చెప్పాల్సింది ఇది.

తాళం ఎందుకొచ్చింది

ముందు మా యజమాని కృష్ణారావు గారి గురించి ఒక మాట. ఆయన్ని చెడ్డవాడిగా చూపించి నేను మంచిదాన్ని అనిపించుకోవడం తేలిక. అది నిజం కాదు.

ఆయన తండ్రి తెనాలి నుంచి వచ్చి ఇక్కడ రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టారు. కొడుకు క్యాసెట్లలోకి, తర్వాత సీడీల్లోకి వచ్చారు. జానపదాలు, భజనలు, పెళ్లి పాటలు, వేరే ఎవరూ పట్టించుకోని గాయకులు: ఇదీ మా సరుకు. సోమవారం ఉదయం మేం కొత్త సీడీ విడుదల చేస్తే సాయంత్రానికి దాని నకలు ఫుట్‌పాత్ మీద గోనెపట్టా మీద ఉండేది. ఒకసారి ఒక ముసలి గాయని మా ఆఫీసుకు వచ్చి, "నా పాట బజార్ల అంతట మోగుతున్నది గద సారూ, ఇంక ఇంకో సీడీ చేద్దాం" అని ఆశగా అడిగింది. ఆ మోగుతున్న వాటిలో మావి పదోవంతు కూడా ఉండవని ఆమెకు చెప్పలేక సారు తల వంచుకోవడం నేను చూశాను.

అందుకని ముంబై నుంచి ఒక సంస్థ వచ్చి, "మీ సీడీలకు తాళం వేస్తాం" అంటే ఆయన ఒప్పుకున్నారు. నేనూ సంతోషించాను.

తాళం అంటే ఇదీ. మామూలు ప్లేయర్‌లో సీడీ ఎప్పటిలాగే మోగుతుంది. కంప్యూటర్‌లో పెడితే మాత్రం అందులోనే ఉన్న మా సొంత ప్లేయర్ ముందు కొన్నవారి పేరు, చిరునామా అడిగి కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. పాట అందులో మాత్రమే వినాలి. మరో ప్రోగ్రాంలోకి పోదు. ఒక సీడీ మూడు కంప్యూటర్లలో తెరుచుకుంటుంది. నాలుగోదానిలో "అనుమతి లేదు" అని వస్తుంది. ఎవరు ఎన్నిచోట్ల తెరిచారో మా ఆఫీసులోని సర్వర్ లెక్క పెడుతుంది.

మొదటి నెలలోనే బోయిన్‌పల్లి నుంచి ఒక డాన్సు టీచరు వచ్చింది. స్కూల్ వార్షికోత్సవానికి పిల్లలకు పాట నేర్పించిందట. స్కూల్ కంప్యూటర్లో మా సీడీ మొరాయించింది. స్టేజీ మీద పిల్లలు నిలబడి ఉండగా ఎవరో పరుగెత్తి నకిలీ సీడీ తెచ్చి పెడితే చక్కగా మోగిందట. "డబ్బు పెట్టి కొన్నదాన్ని నేను, నవ్వులపాలైందీ నేనే" అంది. "క్షమించండి, సీడీ మార్చి ఇస్తాం" అన్నాను. మార్చి ఇచ్చినా అదే తాళం కదా.

అట్లాగని వచ్చినవాళ్లంతా అమాయకులేం కాదు. మలక్‌పేట నుంచి ఒకాయన కళ్లనీళ్లు పెట్టుకుని మరీ నాలుగోసారి తాళం తీయించుకున్నాడు. ఆయనది నకిలీ సీడీల దుకాణమని తర్వాత తెలిసింది. దాంతో నాకు అనుమానం ఒక అలవాటైపోయింది. ఆ అలవాటే నా చేత పెద్ద తప్పు చేయించింది.

జర మెల్లగ మోగాలె

ఒక మధ్యాహ్నం తెల్ల చొక్కా వేసుకున్న సన్నటి మనిషి వచ్చి, సీడీని, రశీదును పక్కపక్కనే పెట్టాడు.

"నమస్తే మేడం. నా పేరు యాదగిరి. అఫ్జల్‌గంజ్‌ల పెండ్లి బ్యాండ్ నడుపుత. మీ సీడీ కొన్న. అసలుదే కొన్న, గిదిగో రశీదు."

"మోగడం లేదా అండీ?"

"మోగుతది. మంచిగ మోగుతది. గని నాకు జర మెల్లగ మోగాలె."

నాకు అర్థం కాలేదు. ఆయన ఓపిగ్గా చెప్పారు. ఆయన బ్యాండులో ఎవరికీ స్వరాలు రాసుకోవడం, చదువుకోవడం రాదు. అంతా చెవితో నేర్చుకోవాల్సిందే. కొత్త పాట వస్తే ఆయన దాన్ని సగం వేగంతో విని, స్వరం స్వరం పట్టుకుని, క్లారినెట్ మీద వాయించి మిగతావాళ్లకు నేర్పుతారు. టేపు రోజుల్లో చక్రం మీద వేలు ఆనించి వేగం తగ్గించేవారట. ఇప్పుడు కంప్యూటర్లో వేగం తగ్గించే ప్రోగ్రాం ఒకటుంది. మా పాట అందులోకి పోవడం లేదు.

"మా పాట మా ప్లేయర్లోనే మోగుతుందండీ. వేగం తగ్గించే వీలు అందులో లేదు."

"నేనేం అమ్ముకుంటలేను మేడం. నేర్చుకుంటున్న. పాట నేర్చుకునుడు గూడ తప్పేనా?"

"తప్పని కాదు. వీలు లేదు."

ఉద్యోగం మొత్తంలో నేను ఎక్కువసార్లు అన్న మాట అదేనేమో. ఆయన సీడీ జేబులో పెట్టుకుంటూ నవ్వారు. "ఫుట్‌పాత్ మీద దొరికేదాంట్ల వీలుంటదట మేడం" అని నమస్కారం పెట్టి వెళ్లిపోయారు.

ఆయన మెట్లు దిగకముందే నేను రిజిస్టర్‌లో రాశాను: "నకిలీ సీడీలు వాడుతున్నట్టు ఒప్పుకున్నాడు." ఆయన అన్నది అది కాదు. నేను విన్నది అది.

నేను రాసిన ఉత్తరం

ఏడాది తర్వాత సర్వర్ జాబితాలో యాదగిరి గారి పేరు ఎర్రగా కనిపించింది. మూడు కంప్యూటర్ల హద్దు దాటి నాలుగోదానిలో తాళం తీయమని అడుగుతోంది. అదీ ఒక పాట కాదు, పంతొమ్మిది. రిజిస్టర్ తిప్పితే నా పాత రాత కనిపించింది. ఇంకేం కావాలి? "మీరు మా పాటలను అనుమతి లేకుండా పలు కంప్యూటర్లలోకి కాపీ చేసినట్టు మా దృష్టికి వచ్చింది, చట్టప్రకారం చర్య తీసుకోవలసి ఉంటుంది" అన్న అర్థం వచ్చేట్టు ఇంగ్లీషులో ఉత్తరం తయారుచేసి, సారు సంతకం పెట్టించి పంపాను. మంచి ఉత్తరం రాశానని మెచ్చుకున్నారు కూడా.

నాలుగో రోజు ఆయన వచ్చారు. ఈసారి కూర్చోలేదు.

"మేడం, నన్ను దొంగ అన్నరు. నాకు ఇంగ్లీష్ రాదు. మా బ్యాండోళ్ల ముందట వేరేటోళ్లతోని చదివిపిచ్చుకున్న. అందరు విన్నరు."

"దొంగ అనలేదండీ. మీ కంప్యూటర్లో మా పాటలు పంతొమ్మిది..."

"అవి మీ పాటలు కావు. మా అన్న పాటలు."

"మీ అన్నగారు ఏ కంపెనీకి పాడారు?"

ఆ ప్రశ్న గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.

"ఏ కంపెనీకి లేదు మేడం. మా అన్న బాలయ్య. క్లారినెట్ వాయించెటోడు. నాకు నేర్పినోడే ఆయన. పోయి నాలుగేండ్లయింది. టేపుల మీద ఉండె ఆయన వాయించినయి. టేపులు బూజు పట్టినయని కంప్యూటర్ల ఎక్కించిన. గిప్పుడు తెరుస్తుంటే అనుమతి లేదంటున్నది."

"టేపులు తీసుకురండి, చూద్దాం."

"పారేసిన. కంప్యూటర్ల పదిలంగ ఉన్నయి గద అని పారేసిన."

"మరి వాటి మీద మా కంపెనీ ఫైళ్ల గుర్తు ఎందుకుంది?"

"గది నాకేమెరుక? మీరే చెప్పాలె."

నేను నమ్మలేదు. మలక్‌పేట పెద్దమనిషి కళ్లనీళ్లు గుర్తొచ్చాయి. "మా సారుతో మాట్లాడి చెబుతాం" అన్నాను. మాట్లాడలేదు. నెల తిరక్కుండానే నాంపల్లిలోని వినియోగదారుల ఫోరం నుంచి మాకు నోటీసు వచ్చింది. యాదగిరి గారు ఫిర్యాదును తెలుగులో తన చేత్తో రాసి, ఫోరంలో తానే దాఖలు చేశారు. కోరింది ఒక్కటే: "మా అన్న వాయించినవి నాకు ఇప్పించగలరు."

నా పేరు నాకే వినపడలేదు

నోటీసు చూశాక సలీం దగ్గరకు వెళ్లాను. సలీం మా సాంకేతిక విభాగం. విభాగం అంటే అతనొక్కడే. సంగతి చెప్పాను.

"అది నిజమే అయ్యుంటది మేడం. తాళం, పాట ఎవరిదని అడగదు. మన ప్లేయర్‌ల రికార్డు మీట గూడ ఉన్నది గద, ఆయన టేపులు దాంతోనే ఎక్కించుంటడు. దాంతోని ఏది రికార్డ్ చేసినా తాళం పడుతది. ఉత్తగ దగ్గినా తాళమే."

"మనం చేయని పాటకు మన తాళమా?"

"మైకు ముందట ఏదన్న మాట్లాడుండ్రి, చూపిస్త."

నేను నా పేరు చెప్పాను. వసుంధర. అతను దాన్ని మా ప్లేయర్‌లో రికార్డు చేసి, ఆ ఫైలును పక్క కంప్యూటర్లో వేరే ప్రోగ్రాంలో పెట్టి నొక్కాడు. తెర మీద వచ్చింది: "ఈ పాట వినడానికి మీకు అనుమతి లేదు."

ఏడాదిన్నరగా ఆ తాళం గురించి జనానికి చెబుతున్నదాన్ని. దాన్ని ఒక్కసారి కూడా నా మీద ప్రయోగించి చూసుకోలేదు.

"మరి నాలుగు కంప్యూటర్లు?"

"నాలుగు ఎక్కడివి మేడం, ఒక్కటే. రిపేరు చేసి సిస్టం మళ్ల ఎక్కించినప్పుడల్లా మన సర్వర్ దాన్ని కొత్త కంప్యూటర్ అనుకుంటది. పాత డబ్బా అయితే మూడుసార్లు రిపేరు కాదా?"

నేను నేరుగా సారు గదిలోకి వెళ్లాను. అంతా విని ఆయన పెన్ను పక్కన పెట్టారు. "వసుంధరా, ఒక్కడికి తీస్తే రేపు అందరూ మా అన్న, మా తమ్ముడు అంటూ వస్తారమ్మా."

"వచ్చినవాళ్లది నిజమో కాదో చూడటానికే కదా సార్, నన్ను కూర్చోబెట్టారు."

"ముంబై వాళ్లతో ఒప్పందం ఉంది. తాళం తీసినట్టు తెలిస్తే ఊరుకోరు. ఫోరంలో మన వకీలు చూసుకుంటాడు. నువ్వు సాక్ష్యం చెప్పు, చాలు."

వకీలు నాకు నేర్పింది చిన్న ముక్కే. షరతులన్నీ సీడీ పెట్టె మీద ముద్రించి ఉన్నాయి, చదువుకోవడం కొన్నవాళ్ల బాధ్యత. అంతకు మించి మాట్లాడవద్దు.

నాంపల్లిలో

ఆ రోజు స్టేషన్ వైపు నుంచి నడిచి వెళ్లాను. ఆటో ఎక్కితే తొందరగా చేరిపోతానని భయం. యాదగిరి గారు అప్పటికే వచ్చి, అదే తెల్ల చొక్కాతో, వరండాలో నిలబడి ఉన్నారు. నాకు నమస్కారం పెట్టారు. దొంగ అని రాసిన మనిషికి ఆయన నమస్కారం పెట్టారు.

లోపల వకీలు నేర్పింది నేర్పినట్టే చెప్పాను. షరతులు పెట్టె మీద ఉన్నాయి. అప్పుడు ఫోరం సభ్యురాలు, కళ్లజోడు పెట్టుకున్న పెద్దావిడ, సీడీ పెట్టెను వెలుగుకు ఎత్తి పట్టుకుని అడిగింది:

"ఇందులో తెలుగు ఎక్కడుందమ్మా?"

"లేదండీ."

"ఈయన సొంతంగా రికార్డు చేసుకున్నవాటికి కూడా తాళం పడుతుందని ఈ ఇంగ్లీషులోనైనా ఉందా?"

వకీలు నా వైపు చూశాడు. సారు వెనక బెంచీ మీద ఉన్నారు. ఇంట్లో ఇద్దరు పిల్లల కాలేజీ చదువులు నడుస్తున్నాయి. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి. ధైర్యం వచ్చి చెప్పానని అనను. ఆ ప్రశ్నకు ఇంకో జవాబు లేదు, అంతే.

"లేదండీ."

"మరి ఈయన కాపీలు చేశాడని ఉత్తరం రాశారే, ఏ ఆధారంతో?"

"సర్వర్ లెక్క చూసి రాశాను. రిపేరు చేయించినా లెక్క పెరుగుతుందని నాకప్పుడు తెలియదు. ఇప్పుడు తెలుసు. ఆయన కాపీలు చేయలేదు. ఆ ఉత్తరం తప్పు. రాసింది నేనే."

వాయిదా వేశారు. బయటికి వచ్చాక ఆటో స్టాండ్ దాకా సారు ముందు నడిచారు. ఆటో ఆగాక అన్నారు:

"నన్ను అందరిలో నిలబెట్టేశావమ్మా."

"నేను నిలబడ్డాను సార్. మిమ్మల్ని కాదు."

మర్నాడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియకుండానే ఆఫీసుకు వెళ్లాను. పదింటికి సారు సలీంను పిలిచి నా ముందే అడిగారు: "తీయగలవా?" సలీం, "కొన్ని తీస్త సార్. అన్నీ అని చెప్పలేను" అన్నాడు.

పంతొమ్మిదిలో ఆరు

యాదగిరి గారు కంప్యూటర్‌ను దుప్పట్లో చుట్టి ఆటోలో తెచ్చారు. మూడు అంతస్తులూ తనే మోశారు, సలీంను పట్టుకోనివ్వలేదు.

మధ్యాహ్నం దాటాక మొదటి ఫైలు తెరుచుకుంది. ముందు ఒక దగ్గు. తర్వాత ఒక గొంతు, "ఓ యాదీ, నొక్కినవా? నడుస్తున్నదా?" అని. తర్వాత క్లారినెట్.

సంగీతం గురించి చెప్పేంత జ్ఞానం నాకు లేదు. పెళ్లి ఊరేగింపులో పక్కనుంచి పోతుంటే చెవులు మూసుకున్నదాన్ని. ఆ వాద్యం అంత నెమ్మదిగా, మనిషి కూర్చుని కబురు చెప్పినట్టు మోగగలదని నాకు తెలియదు. యాదగిరి గారు ఏడవలేదు. మోకాలి మీద ఆయన వేళ్లు మాత్రం కదులుతున్నాయి, అన్నగారి స్వరానికి అర క్షణం ముందే. తలుపు దగ్గర సారు ఎప్పుడు వచ్చి నిలబడ్డారో చూడలేదు. పాట అయ్యేదాకా ఉండి వెళ్లిపోయారు.

ఆరు తెరుచుకున్నాయి. మిగతా పదమూడు టేపుల నుంచి కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఆయన ఇంట్లో ఇంటర్నెట్ లేదు. కాబట్టి వాటి తాళంచెవి మా సర్వర్‌కు చేరలేదు. ఆ కంప్యూటర్లోనే ఉండిపోయింది. రిపేరులో తుడిచిపెట్టుకుపోయింది. సలీం ఈ సంగతి రెండుసార్లు చెప్పాడు.

"తాళం మీరే ఏసిన్రు గద. మీ దగ్గరనే తాళంచెవి లేదా?" అన్నారు యాదగిరి గారు.

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగారు.

ఆయన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. ఒక్కటే అడిగారు: ఉత్తరం కావాలి, తెలుగులో కావాలి. నేను రాసి, అఫ్జల్‌గంజ్‌లో ఆయన కొట్టుకు వెళ్లి, బ్యాండు వాళ్లందరి ముందూ నేనే చదివాను. డోలు వాయించే పెద్దాయన ఒకరు మొత్తం విని, "గిది ముందుగాల అడిగి రాస్తే అయిపోవు గద అమ్మా" అన్నాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు ఎవరైనా ఇచ్చిన శిక్షణ అంటే ఆ మాటే.

నాకు అర్థమైనంత

మరుసటి ఏడాది మా సీడీలకు తాళాలు తీసేశారు. మా సారు మనసు మారి అని రాస్తే బాగుంటుంది. అసలు కారణం, నకిలీలు ఏమాత్రం తగ్గలేదు, కొనేవాళ్లు తగ్గారు. తాళం తీయడం తెలిసినవాడికి అది గంట పని. తెలియనివాళ్లే దానికి చిక్కారు, వాళ్లేమో డబ్బు పెట్టి కొన్నవాళ్లు. సర్వర్ ఆపేసే ముందు మాత్రం నేను పట్టుబట్టాను. కొన్న ప్రతివాళ్లకూ ఉత్తరం రాసి తాళం లేని పాటలు ఇవ్వాలని. సారు ఒప్పుకున్నారు. చాలామందికి అందాయి. చిరునామా మారినవాళ్లకు అందలేదు. వాళ్లెందరో నాకు తెలియదు.

గాయకులకు దక్కాల్సింది దక్కకపోతే పాటే మిగలదు. నకిలీ అమ్మేవాడి తరఫున నేను ఎప్పుడూ మాట్లాడను. కానీ కొన్నవాడికి కూడా ఒక వాటా ఉంది. వినే హక్కు, నెమ్మదిగా విని నేర్చుకునే హక్కు, తన కంప్యూటర్ పాడైతే బాగుచేయించుకునే హక్కు. తర్వాతి రోజుల్లో చట్టం కూడా ఈ తేడాను కొంత గుర్తించింది. తాళం విరగ్గొట్టడం నేరమే, హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో చేస్తే. మంచిదే. కాకపోతే యాదగిరి గారిలాంటి మనిషి ఉద్దేశం మంచిదైనా, విరగ్గొట్టే పనిముట్టు ఎక్కడ దొరుకుతుంది? హక్కు కాగితం మీద ఉండి తాళంచెవి ఇంకొకరి జేబులో ఉంటే దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇప్పుడు సీడీలు లేవు. ఫోన్లో నెలనెలా కడతాం, కట్టడం మానేస్తే పాట పోతుంది. కడుతున్నా ఒక్కోసారి పోతుంది, ఎక్కడో ఎవరి ఒప్పందమో ముగిసిందని. అందులో అన్యాయం ఉందో లేదో పెద్దవాళ్లు వాదించుకోనివ్వండి. మీ బల్ల దగ్గరకు వచ్చిన మనిషికి మాత్రం ముందే చెప్పండి: ఇది మీ సొంతం కాదు, అద్దెకు ఇస్తున్నాం అని. ఆ ముక్క ఆయనకు తెలిసిన భాషలో చెప్పండి. మీరు వేసే ప్రతి తాళాన్నీ ముందు మీ గొంతు మీద వేసి చూసుకోండి. మనిషి చెప్పింది వినపడిందా, మీ అనుమానం చెప్పింది వినపడిందా అని రిజిస్టర్‌లో రాసే ముందు ఒక్క నిమిషం ఆగండి. నేను ఆగలేదు.

రిటైరయిన వారానికి అఫ్జల్‌గంజ్ వెళ్లాను. యాదగిరి గారికి ఇప్పుడు కళ్లు సరిగా ఆనడం లేదు. బ్యాండును ఆయన మేనకోడలు చూసుకుంటోంది. కొట్టులో కొత్త కంప్యూటర్ ఉంది. పాతది పోయాక ఇది మూడోదట. మార్చిన ప్రతిసారీ ఆ పదమూడు ఫైళ్లనూ జాగ్రత్తగా ఇందులోకి తెచ్చుకున్నారు. ఆమె నాకు తెర మీద చూపించింది. పేర్ల బదులు ఒకటి నుంచి పదమూడు దాకా అంకెలున్నాయి.

"మోగవు మేడం" అంది. "తీసేద్దాం మామా, జాగా తింటున్నయ్ అంటే వినడు."

యాదగిరి గారు టీ గ్లాసు నా చేతికిస్తూ అన్నారు:

"ఎట్ల తీసేస్తం మేడం? లోపల మా అన్న ఉన్నడు."